‘రేపు పడతాయి’ అంటున్న డబ్బు ఎవరిది?

ఆదోనిలో నాకు చిన్న నెట్ సెంటరు ఉంది. దరఖాస్తులు, హాల్‌టికెట్లు, జిరాక్సులు మా పని. కోసిగి, మంత్రాలయం వైపు ఊళ్ల నుంచి డిగ్రీ అయిపోయిన పిల్లలు వస్తుంటారు. వానలు మొఖం చాటేసిన ఏడు అమ్మానాన్నలు మిరప కోతలకు గుంటూరు పోతే, వీళ్లు నోటిఫికేషన్ల కోసం కాచుకుని ఉంటారు. అట్లాంటివాళ్లు ఫోను నా ముందు పెట్టి అడుగుతారు: “అన్నా, దీంట్లో నాకు వేలల్లో చూపిస్తాంది. విత్‌డ్రా కొడితే పెండింగ్ అంటాంది. పడతాయా?”

“ఆ డబ్బు నీకు ఎవరిస్తారబ్బా?” అంటాను. సైటు ఇస్తుందంటారు. సైటుకు ఎవరిస్తారు? ప్రకటన వేసినోడు. వాడు ఎందుకిస్తాడు? దీనికి మాత్రం ఎవరూ జవాబు చెప్పరు.

క్లిక్ చేస్తే డబ్బిచ్చే సైట్లు ఇరవై ఏళ్ల నాటి నుంచే ఉన్నాయి. ప్రకటన తెరిచి అర నిమిషం చూస్తే డాలరులో వందో వంతో, వెయ్యో వంతో ఇచ్చేవి. అంత తక్కువ ఇవ్వడానికి కారణముంది. పైసల కోసం చూసేవాడు సరుకు కొనడు, కొననివాడి చూపుకు వ్యాపారి ఎక్కువ పెట్టడు. ఇది తెలిస్తే, క్లిక్కుకు ఐదు రూపాయలనే మాట వినగానే అనుమానం రావాలి.

నోయిడాలోని అబ్లేజ్ ఇన్ఫో సొల్యూషన్స్ ‘సోషల్ ట్రేడ్’ పేరుతో ఇచ్చిన రేటు సరిగ్గా అదే. 57,500 రూపాయలు కట్టినవాళ్లకు రోజుకు 125 లింకులు, అంటే 625 రూపాయలు. పన్నులూ కోతలూ పక్కన పెడితే 92 రోజుల్లో అసలు చేతికొచ్చేయాలి. 2017 ఫిబ్రవరిలో ఉత్తరప్రదేశ్ పోలీసుల ప్రత్యేక దళం ఎస్‌టీఎఫ్ దాని యజమాని అనుభవ్ మిత్తల్‌ను అరెస్టు చేసేనాటికి ఆరు లక్షల మందికి పైగా చేరారు, సుమారు 3,700 కోట్లు వసూలైంది. కొత్తగా చేరినవాళ్లు కట్టిన సొమ్మే పాతవాళ్లకు క్లిక్కుల కూలిగా పోయిందని పోలీసులు చెప్పారు. సైటు పేరు మాత్రం మారుతూ వచ్చింది: సోషల్ ట్రేడ్, ఫ్రీహబ్, ఇంట్‌మార్ట్, ఫ్రెంజప్.

అమెరికాలోనూ ఇదే కథ. ట్రాఫిక్ మాన్సూన్ అనే సైటు 50 డాలర్ల ప్యాకు కొంటే 55 డాలర్లు వస్తాయంది. దాని రాబడిలో 99 శాతానికి పైగా సభ్యులు ప్యాకులు కొన్న డబ్బేనని అక్కడి మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ 2016 జూలైలో కోర్టుకెక్కింది.

చెల్లింపు ఆలస్యమైనంత మాత్రాన మోసమనలేం. మా మార్కెట్ యార్డులో పత్తి అమ్మిన రైతుకూ ఒక్కోసారి డబ్బు ఆలస్యమవుతుంది. కానీ ఆ పత్తి ఏ మిల్లుకు పోయిందో, దళారీ దుకాణం ఎక్కడుందో అతనికి తెలుసు. వెళ్లి గడప ముందు కూర్చోగలడు. ఈ సైట్లలో కూర్చోవడానికి గడపే లేదు. ‘సర్వర్ మారుస్తున్నాం’, ‘కేవైసీ మళ్లీ చెయ్యండి’, ‘బ్యాంకుతో సమస్య’ అని మెసేజీలొస్తాయి. ప్రతి మెసేజీ ఇంకో వారం గడిపిస్తుంది. ఆ వారంలోనూ కొత్తవాళ్లు చేరుతూనే ఉంటారు, వాళ్ల డబ్బు బయటికి పోతూనే ఉంటుంది. ‘ఎవరైనా కేసు పెడితే అందరి డబ్బులూ ఆగిపోతాయి’ అని గ్రూపులో ఒక మాట వదులుతారు. ఆ భయానికి నష్టపోయినవాడే పక్కవాడి నోరు మూయిస్తాడు. నాకు ఎక్కువ కోపం తెప్పించేది ఇదే.

ఇప్పుడు సైటు కంటే టెలిగ్రామ్ గ్రూపుదే జోరు. లైకు కొట్టు, రేటింగ్ ఇవ్వు అంటారు. మొదట నిజంగానే డబ్బు వేస్తారు. 2023 జూలైలో హైదరాబాద్ పోలీసులు బయటపెట్టిన 712 కోట్ల కేసులో చిక్కడపల్లి వాసి ఒకరికి మొదట వెయ్యి రూపాయల మీద 866 లాభం చూపించారు. తర్వాత 25 వేల మీద 20 వేలు. చివరకు ఆయన పోగొట్టుకున్నది 28 లక్షలు. ఆ ఏడాది డిసెంబరులో కేంద్ర హోంశాఖ ఇట్లాంటి వందకు పైగా వెబ్‌సైట్లను మూయించింది.

చాలామందికి తెలియనిది ఇంకొకటి. అకౌంటులో పడ్డ ఆ మొదటి వెయ్యి ఇంకో బాధితుడి సొమ్ము కావచ్చు. అక్కడ అతను ఫిర్యాదు చేస్తే ఆ డబ్బు తిరిగిన ఖాతాలను పోలీసులు స్తంభింపజేస్తారు. అమ్మ పేరు మీద పింఛను పడే ఖాతా నంబరు ఇచ్చి ఉంటే ఇబ్బంది ఆమెకే.

విత్‌డ్రా కావాలంటే ముందు ‘ట్యాక్స్’ కట్టమన్నారంటే, ఇక పైసా పంపొద్దు. వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి, లేదా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. డబ్బు ఇంకా ఏదో ఖాతాలో ఉండగా తెలిస్తేనే ఆపే వీలుంటుంది, గంటలు గడిచేకొద్దీ అది చేతులు మారిపోతుంది. యూపీఐ లావాదేవీ నంబర్లు, చాట్ స్క్రీన్‌షాట్లు చెరిపేయకండి. గ్రూపు మూసేస్తే అవే మిగిలే ఆధారం.

బామ్మర్దినో, పిన్ని కొడుకునో చేర్పించినవాళ్లు స్టేషనుకు పోవడానికి జంకుతారు. 1978 నాటి మనీ సర్క్యులేషన్ నిషేధ చట్టం ఇట్లాంటి పథకాల్లో మనుషుల్ని చేర్పించడాన్ని కూడా నిషేధించింది కాబట్టి ఆ భయం ఊరికే పుట్టింది కాదు. అయినా వాళ్లకు నేను చెప్పేది ఒకటే: చేర్పించిన ప్రతి మనిషికీ ఈ రాత్రే ఫోన్ చేసి, ఇంకేం కట్టొద్దని చెప్పు. రేపు పొద్దున అందరూ కలిసి పోదాం, నేనూ వస్తా.