మామిడి తోట పక్కనే మీ కొలువు!

వేసవి సెలవులకు ఊరెళ్తే మీకేం కనిపిస్తుంది? మీది రెడ్డిగూడెమో, ఆ చుట్టుపక్కల ఊరో అయితే మామిడి కాయలతో నున్న మార్కెట్‌కు బయల్దేరే వాహనాలే కనిపిస్తాయి. బంగినపల్లి, కలెక్టర్, రసాలు... కాయకు లోటుండదు. డిగ్రీ చేతికి రాగానే పిల్లలూ అదే దారిలో విజయవాడకో, హైదరాబాద్‌కో బస్సెక్కేస్తారు. మరి పంట ఇక్కడ, ఉపాధి అక్కడ ఎందుకుండాలి? ఈ ప్రశ్న ఒక్కసారైనా వేసుకున్నారా?

అడ్డంకి ఎక్కడుంది?

కాయ కోశాక నిల్వ ఉండేది కొన్ని రోజులే. పంటంతా దాదాపు ఏప్రిల్ నుంచి జూన్ మధ్యే వస్తుంది. అందరూ ఒకేసారి తెస్తే ధర పడిపోతుంది. ఆగుదామంటే కాయ మెత్తబడుతుంది. పెట్టుబడి చేతిలో లేక పూత మీదే పంటను వ్యాపారికి అమ్మేసే రైతులూ ఉన్నారు. ఇక గ్రేడింగ్, మాగబెట్టడం, గుజ్జు తీయడం, ప్యాకింగ్... అసలు విలువ పెరిగేది ఈ దశల్లోనే. ఈ పనులు ఎక్కువగా మన ఊరు దాటాకే జరుగుతున్నాయి.

ప్రభుత్వం ఏం చేస్తోంది?

చిన్న ఆహార యూనిట్లకు అప్పు పుట్టకపోవడం, లైసెన్సులు లేకపోవడం, నైపుణ్యం కొరవడటం... ఈ మూడింటినీ ఎదుర్కోవడానికి కేంద్రం 2020 జూన్‌లో పీఎంఎఫ్ఎంఈ పథకాన్ని ప్రారంభించింది. రాష్ట్రంలో దీన్ని ఏపీ ఫుడ్ ప్రాసెసింగ్ సొసైటీ చూస్తోంది. యూనిట్ ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా రూ.10 లక్షల వరకు రాయితీ ఉంటుంది. మీ వాటా కనీసం 10 శాతం. స్వయం సహాయక సంఘాల్లోని సభ్యులకైతే ఒక్కొక్కరికి రూ.40 వేల వరకు మూలధన సాయం కూడా ఉంది. మీ అమ్మగారు సంఘంలో ఉంటే ఈ మాట ఇంట్లో చెప్పండి.

ప్యాక్‌హౌస్, మాగబెట్టే గది, కోల్డ్ స్టోరేజీ లాంటి వాటికి వ్యవసాయ మౌలిక వసతుల నిధి ఉంది. ఇందులో రూ.2 కోట్ల వరకు రుణంపై 3 శాతం వడ్డీ రాయితీని ఏడేళ్లపాటు ఇస్తారు.

ఒక లెక్క చూద్దాం

తాండ్ర, గుజ్జు యూనిట్‌కు రూ.10 లక్షలు అవుతుందనుకోండి. మీరు పెట్టేది రూ.లక్ష, బ్యాంకు ఇచ్చేది రూ.9 లక్షలు. రాయితీ రూ.3.5 లక్షలు. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఈ సొమ్ము చేతికి రాదు, బ్యాంకులోనే విడిగా ఉంటుంది. మూడేళ్లపాటు యూనిట్ నడిచి, కిస్తీలు సక్రమంగా కడితేనే అప్పులో జమవుతుంది. అంటే రాయితీ కోసం యూనిట్ పెడితే మునిగిపోతారు. వ్యాపారం నడుస్తుందనుకుంటేనే పెట్టాలి.

యూనిట్లు ఉంటే చాలా?

చాలదు. గుజ్జు పరిశ్రమలు బాగా ఉన్న చిత్తూరు ప్రాంతంలోనే 2025లో తోతాపురి ధర కుప్పకూలింది. తోతాపురి అంటే మనం కలెక్టర్ అని పిలిచే కాయే. అప్పుడు కిలోకు ఫ్యాక్టరీలు రూ.8, ప్రభుత్వం రూ.4 కలిపి రైతుకు రూ.12 అందేలా నిర్ణయించాల్సి వచ్చింది. కాబట్టి ముందు కొనేవాళ్లెవరో తేల్చుకోండి, యంత్రం తర్వాత కొనండి. మూడు నెలల కాయతో పన్నెండు నెలలు యూనిట్ ఎలా నడుస్తుందో కూడా ఆలోచించండి. మామిడి లేనప్పుడు జామ, చింతపండు, పచ్చళ్లు చేయగలరా?

సొంత యూనిట్ వద్దంటే?

అందరూ యజమానులు కానక్కర్లేదు. ఫుడ్ టెక్నాలజీ చదివినవాళ్లకు నాణ్యత పరీక్షల్లో, కామర్స్ వాళ్లకు ప్రాజెక్టు రిపోర్టులు, జీఎస్‌టీ పనుల్లో, ఇంజినీరింగ్ వాళ్లకు కోల్డ్ స్టోరేజీ నిర్వహణలో అవకాశాలుంటాయి. పీఎంఎఫ్ఎంఈలో దరఖాస్తుదారుల చేయి పట్టుకుని నడిపించే జిల్లా రిసోర్స్ పర్సన్లు ఉంటారు. రుణం మంజూరైన ఒక్కో కేసుకు రూ.20 వేల ఫీజు. సగం మంజూరుకు, మిగతా సగం లైసెన్సులు, శిక్షణ పూర్తయ్యాక ఇస్తారు. దీనికి అనుభవం అడుగుతారు కాబట్టి ముందు రెండు మూడేళ్లు ఏదైనా ప్లాంటులో పనిచేయడం మంచిది.

ఈ సెలవుల్లో ఇలా చేయండి

- ఒక రోజు తోటలో, ఒక రోజు మార్కెట్లో గడపండి. తోటలో కిలో ఎంత, పట్నం దుకాణంలో ఎంత? మధ్యలో ఏ పనికి ఎంత పోతోందో రాసుకోండి.
- నూజివీడులో మామిడి పరిశోధన స్థానం ఉంది. మంగు, తామర పురుగుల గురించి, కాయలకు కవర్లు కట్టడం గురించి అక్కడ అడిగి తెలుసుకోండి.
- మాగబెట్టడానికి కార్బైడ్ వాడటం నిషిద్ధం. ఇథిలీన్ పద్ధతి నేర్చుకోండి.
- 2022 విభజనలో నూజివీడు ఏలూరు జిల్లాలోకి, రెడ్డిగూడెం ఎన్‌టీఆర్ జిల్లాలోకి వెళ్లాయి. ఏ జిల్లా కార్యాలయానికి వెళ్లాలో ముందే చూసుకోండి.
- దరఖాస్తు ఆన్‌లైన్లో ఉచితం. ‘రాయితీ ఇప్పిస్తా, కమీషన్ ఇవ్వు’ అనేవాళ్లను నమ్మొద్దు. గడువు, తాజా నిబంధనలు పోర్టల్‌లోనే సరిచూసుకోండి.

పోటీ పరీక్షలకు చదవడం మానక్కర్లేదు. కానీ దానితోపాటు ఈ లెక్క కూడా ఒకటి వేసి చూడండి. నాన్న అమ్మిన కాయ ఎవరి చేతుల్లో, ఎంత విలువ పెంచుకుంటోందో తెలిస్తే, అందులో మీరు చేయగలిగే పని ఏదో మీకే అర్థమవుతుంది.