అవ్వల్ నుంచి ఆఖరు దాకా

టెక్కలిలోనో, కాశీబుగ్గలోనో చీకటి పడ్డాక పల్లెలకు వెళ్ళేవారు అడిగే ప్రశ్న ఒకటే: "ఆఖరి బస్సు వెళ్ళిపోయిందా?" అడిగేవారికి తాము అరబ్బీ మాట పలుకుతున్నామన్న ఊహ ఉండదు. 'ఆఖిర్' అనే ఆ మాట ఫార్సీ, ఉర్దూల మీదుగా వచ్చి తెలుగులో 'ఆఖరు' అయింది. పరలోకానికి మనం చెప్పుకునే 'ఆఖిరత్' దాని తోబుట్టువే.

దాని జంటపదం 'అవ్వల్' మాత్రం తెలుగులో అంతగా నాటుకోలేదు. 'అవ్వల్ దర్జా' వంటి మాటల్లోనూ, రబీవుల్ అవ్వల్ నెల పేరులోనూ తప్ప పెద్దగా వినిపించదు. తెలుగుకు 'మొదలు' అనే సొంత మాట ఉండటమే ఇందుకు కారణం కావచ్చు. మొదలంటే చెట్టు నేలను పట్టుకుని నిలిచే చోటు. వరుసలో ముందున్నదానికీ ఆ మాటే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకూలాయి. 'మొదటికే మోసం' అనే నానుడి అక్కడి రైతుకు అక్షరాలా అనుభవమైంది.

'అవ్వల్' ధాతువు ఏదన్న విషయంలో పూర్వపు అరబ్బీ వ్యాకరణవేత్తలు ఏకాభిప్రాయానికి రాలేదు. కొందరు దాన్ని 'మరలి చేరుట' అనే అర్థమున్న ధాతువుతో ముడిపెట్టారు. 'తావీల్' పదం ఆ ధాతువుదే. ఆ లెక్కన అవ్వల్ అంటే అన్నీ తిరిగి చేరే చోటు. మన 'మొదలు'కు ఎంత దగ్గరో చూడండి!

అల్ అవ్వల్, అల్ ఆఖిర్ రెండూ అల్లాహ్ శుభనామాలు. దివ్య ఖుర్ఆన్ 57వ సూరా అల్ హదీద్ మూడో ఆయత్‌లో పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి తర్వాత రెండు అని లెక్కించే 'మొదటి' కాదది. ఆయనకు ముందు ఏదీ లేదని అర్థం.

లెక్కించే వరుస మనుషులది. జుమాకు తొలి ఘడియలో వచ్చినవారికి ఒంటెను, ఆ తర్వాతివారికి ఆవును, పొట్టేలును, కోడిని, చివరికి గుడ్డును సమర్పించినంత పుణ్యమని మహాప్రవక్త (సఅసం) తెలిపారు. వచ్చిన వేళే ఇక్కడ కొలమానం. జీడిపిక్కలు కొట్టే కూలీ ముందొచ్చి మొదటి సఫ్‌లో కూర్చుంటే ఆ చోటు అతనిదే. ఆలస్యంగా వచ్చిన పెద్దమనిషికి దారివ్వమని అతణ్ణి లేపడం మన మస్జిదుల్లో చూడని దృశ్యమేమీ కాదు. ఒకరిని లేపి ఆ చోట కూర్చోవద్దని ప్రవక్త (సఅసం) వారించారు. జుమా రోజున జనం భుజాల మీదుగా దాటుకుంటూ ముందుకొస్తున్న వ్యక్తితో, ఇతరులను బాధించావు, కూర్చోమన్నారు.

ఒకరిని లేపి ఆ చోట కూర్చోవద్దన్న హదీసును ఉల్లేఖించిన హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) కోసం ఎవరైనా తమంతట తామే లేచినా, ఆయన ఆ చోట కూర్చునేవారు కాదు.