నర్సింగ్ అసోసియేట్

ఇంగ్లండ్ ఆసుపత్రుల్లో రోగికి స్నానం చేయించి, అన్నం తినిపించి, బీపీ చూసే హెల్త్‌కేర్ అసిస్టెంట్‌కూ, రిజిస్టర్డ్ నర్సుకూ మధ్య వేసిన మెట్టు ఇది. 2017లో తొలి విడత శిక్షణ మొదలైంది. 2019 జనవరిలో నర్సులను నమోదు చేసే నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ తన రిజిస్టరులో వీరికీ చోటిచ్చింది.

ఏళ్ల తరబడి వార్డులో నలిగిన చేతులకు చదువు దొరకడమే ఇందులో నాకు నచ్చిన సంగతి. ఇల్లు గడవాలి, పిల్లలున్నారు, ఉద్యోగం మాని కాలేజీకి వెళ్లలేరు. అలాంటివారు అప్రెంటిస్‌షిప్ దారిలో చేరితే జీతం ఆగదు, ఫీజు భారం మీద పడదు. కోర్సు సాధారణంగా రెండేళ్లు, చేతికొచ్చేది పూర్తి డిగ్రీకి కింది మెట్టయిన ఫౌండేషన్ డిగ్రీ. సొంత వార్డులోనే ఉండిపోతే కుదరదు. పెద్దలు, పిల్లలు, మానసిక ఆరోగ్యం, అభ్యాస వైకల్యం, ఈ నాలుగు రకాల సేవలూ చూసి నేర్చుకోవాలి. ఇంగ్లిష్, లెక్కలు కూడా రావాలి. మందు మోతాదులో దశాంశ బిందువు జారితే ప్రాణం మీదికి వస్తుంది కదా!

నిబంధనల ప్రకారం వీరు నర్సుకు తోడు, నర్సుకు బదులు కాదు. సిబ్బంది చాలనిచోట ఈ గీత చెరిగిపోతుందన్న నర్సుల ఆందోళనను తేలిగ్గా తీసుకోకూడదు. ఆపై చదివి పూర్తిస్థాయి నర్సు కావాలనుకుంటే, ఇక్కడ నేర్చినది లెక్కలోకి వస్తుంది, కోర్సు కాలం తగ్గుతుంది.