ఒకే గడపలో ఓనరు, కిరాయిదారు

ధర్మసాగర్‌లో గానీ, దాని చేరువలోని కాజీపేట, హనుమకొండలలో గానీ ఇంటివారు తాము ఉంటున్న ఇంట్లోనే ఒక గదిని ఉద్యోగికో విద్యార్థికో ఇచ్చినప్పుడు, కిరాయినామాలో సాధారణంగా కనిపించేవి మూడే అంశాలు: నెలసరి కిరాయి, అడ్వాన్సు, పదకొండు నెలల గడువు. తగాదాలు మాత్రం గది తాళం ఎవరి దగ్గర ఉండాలి, స్నానాలగది ఎవరెవరు వాడుకోవాలి, బోరు మోటారు ఎప్పుడు వేయాలి అన్న చోట మొదలవుతాయి. వీటిలో తాళం సంగతి చిన్నదిగా తోచినా చట్టం దృష్టిలో అదే పెద్దది.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 105వ సెక్షన్ ప్రకారం ప్రతిఫలానికి ఆస్తిని అనుభవించే హక్కును బదిలీ చేయడం లీజు, అంటే కౌలు లేదా కిరాయి. అదే ఏడాది వచ్చిన ఈజ్‌మెంట్ల చట్టం 52వ సెక్షన్ చెప్పే లైసెన్సు మాత్రం ఆస్తిపై ఏ హక్కూ కల్పించని వట్టి అనుమతి. 1959లో అసోసియేటెడ్ హోటల్స్ కేసులో సుప్రీంకోర్టు పత్రానికి పెట్టుకున్న పేరును బట్టి కాక, ఇరుపక్షాల అసలు ఉద్దేశాన్ని బట్టి ఈ రెంటినీ వేరుచేయాలని, ఆ ఉద్దేశాన్ని గుర్తించడానికి స్థలం ఒకరి స్వాధీనంలోనే ఉందా అన్నది ముఖ్యమైన ఆనవాలని చెప్పింది. కాబట్టి పత్రం మీద ‘పేయింగ్ గెస్ట్’ అని రాసినంతమాత్రాన, సొంత తాళం వేసుకొని ఇతరులు రాకుండా గదిని అట్టేపెట్టుకున్న వ్యక్తి అతిథి అయిపోడు. అతడు నెలవారీ కిరాయిదారుగా తేలితే, వేరే షరతు లేనప్పుడు 106వ సెక్షన్ కింద 15 రోజుల నోటీసు ఇవ్వాలి; చట్టప్రకారం కాకుండా సామాను బయట పెడితే, 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోపు దావా వేసి తిరిగి స్వాధీనం కోరవచ్చు. ఇంటివారితో వంటగది, హాలు పంచుకుంటూ వారి అదుపులోనే ఉన్న గదిలో పడుకునేవాడికి ఇంత రక్షణ లేదు, అనుమతి రద్దయ్యాక ఖాళీ చేయడానికి సహేతుకమైన వ్యవధి మాత్రం దక్కుతుంది.

పదకొండు నెలల ఆనవాయితీ వెనుక ఉన్నది 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం. ఏడాదికి మించిన లీజును తప్పనిసరిగా రిజిస్టర్ చేయించాలని 1999 వరకు ఇక్కడ ఉన్న నియమాన్ని తప్పించుకోవడానికే జనం దాన్ని పట్టుకున్నారు. అంతకంటే ఆ గడువుకు మహత్యమేమీ లేదు.

ఉమ్మడి రాష్ట్రంలో 1960లో వచ్చి, నేడు తెలంగాణలో అమలవుతున్న అద్దె నియంత్రణ చట్టం ఇలాంటి ఇళ్లను ప్రత్యేకంగా తలచుకుంది. ఇంటిలో కొంతభాగంలో తానే ఉంటున్న యజమాని తన నివాసానికి అదనపు చోటు కావాలంటే, 10వ సెక్షన్ కింద మిగతా భాగంలోని కిరాయిదారును ఖాళీ చేయించమని అద్దె నియంత్రణాధికారిని కోరవచ్చు. అయితే యజమానికి కలిగే మేలుకన్నా కిరాయిదారుకు కలిగే కష్టమే ఎక్కువని తేలితే ఆ కోరికను తోసిపుచ్చాలి. ఈ చట్టం ప్రధానంగా పట్టణాలకు ఉద్దేశించినది కనుక, ప్రభుత్వం ప్రత్యేకంగా వర్తింపజేస్తే తప్ప గ్రామపంచాయతీ పరిధిలోని ఇంటికి పైన చెప్పిన సాధారణ చట్టాలు, చేతిలోని కిరాయినామాయే దిక్కు.

అందుకే కరెంటు సంగతి పత్రంలో వివరంగా ఉండాలి. 2024లో మొదలైన గృహజ్యోతి పథకం అర్హులైన కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు సున్నా బిల్లు ఇస్తుంది, ఆ పరిమితి దాటిన నెలలో మాత్రం మొత్తం బిల్లూ కట్టించుకుంటుంది. ఇంటివారూ గదిలోని మనిషీ ఒకే మీటరు మీద ఉన్నప్పుడు, ఎండాకాలంలో కూలరు తెచ్చిన పది ఇరవై యూనిట్ల కోసం ఇల్లంతా రాయితీ పోగొట్టుకోవచ్చు. సబ్‌మీటరు ఎవరి వాడకం ఎంతో చూపిస్తుందే తప్ప, పోయిన రాయితీని ఎవరు భరించాలో చెప్పదు. విద్యుత్ సంస్థ లెక్కలో ఉన్నది ఒక్క సర్వీసు నంబరే కనుక, ఆ పంపకాన్ని కిరాయినామాలోనే రాసుకోవలసి ఉంటుంది.