ఇద్దరు బిడ్డలు, ఒక్క నిర్ణయం

సోలాపూర్ తూర్పు భాగంలోని నేతవాడల్లో మధ్యాహ్నం వేళ నడిచి చూడండి. ఒక ఇంట్లో నుంచి మరమగ్గాల చప్పుడు ఎడతెగకుండా వినిపిస్తూ ఉంటుంది. పక్కింటి అరుగు మీద నలుగురైదుగురు ఆడవాళ్ళు చాటలు ఒళ్ళో పెట్టుకొని బీడీలు చుడుతూ ఉంటారు. చేతులు తమ పని తాము చేసుకుపోతుంటాయి కాబట్టి నోటికి తీరిక దొరుకుతుంది. ఊరి సంగతులూ, లోకం సంగతులూ ఆ అరుగు మీదికి వస్తాయి. వరంగల్లు వైపు సంగతులైతే మరింత శ్రద్ధగా వింటారు. మన తాతముత్తాతల్లో చాలామంది వరంగల్లు, కరీంనగరం, నల్లగొండ, పాలమూరు ప్రాంతాల నుంచి మగ్గం పని వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చినవారే కదా!

వీణ, వాణి అనే అక్కాచెల్లెళ్ళ సంగతి ఇలాంటి అరుగుల మీద ఎన్నిసార్లు చర్చకు వచ్చి ఉంటుందో! వారు 2003 అక్టోబరు 16న అప్పటి వరంగల్ జిల్లాకు చెందిన ఒక పేద కుటుంబంలో పుట్టారు. పుట్టుకతోనే ఇద్దరి తలలూ ఒకదానితో ఒకటి అతుక్కొని ఉన్నాయి. శరీరంలో ఏదో ఒక భాగం కలిసి పుట్టిన ఇలాంటి కవలలను అవిభక్త కవలలు అంటారు. అవిభక్తం అంటే విడిపోనిది. ఉమ్మడి కుటుంబాన్ని అవిభక్త కుటుంబం అనడం మీరు వినే ఉంటారు.

ఇటువంటి వార్త విన్నప్పుడు మనం సాధారణంగా మూడు మాటలు అంటూ ఉంటాం. "ఆపరేషన్ చేయించి విడదీస్తే సరిపోయేదానికి ఇన్నేళ్ళు ఆలస్యం దేనికి?" అని ఒకరంటారు. "దేవుడు కలిపి పంపినవాళ్ళను విడదీయడానికి మనమెవరం?" అని మరొకరంటారు. "ఎట్లా పుట్టినా కన్నబిడ్డలే గదా, ఇంట్లో పెట్టుకొని సాకొద్దా?" అని ఇంకొకరు తల్లిని తప్పుపడతారు. మూడూ అనడానికి తేలికే. ఆ తల్లిదండ్రుల చోట నిలబడి చూస్తే మూడూ బరువెక్కుతాయి.

ముందుగా ఇలాంటి పిల్లలు ఎందుకు పుడతారో తెలుసుకుందాం. ఒకే పిండం రెండుగా చీలినప్పుడు అచ్చుగుద్దినట్టు ఒకే పోలిక గల కవలలు పుడతారు. ఆ చీలిక ఆలస్యమై, సుమారు పదమూడు రోజులు దాటిన తరువాత మొదలై, పూర్తి కాకుండా ఆగిపోతే అవిభక్త కవలలు ఏర్పడతారని ఎక్కువమంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఇది చాలా అరుదు. 50,000 నుంచి 2,00,000 కాన్పులలో ఒక్కసారి జరగవచ్చునని అంచనా. వారిలో చాలామంది పుట్టకముందో, పుట్టిన వెంటనేనో చనిపోతారు. జంట అరటిపండు తిన్నందువల్లనో, గ్రహణంనాడు బయట తిరిగినందువల్లనో ఇలా జరిగిందని తల్లిని నిందించేవారు నేటికీ ఉన్నారు. తల్లి చేసినదీ, చేయనిదీ ఇందులో ఏమీ లేదు.

ఇక విడదీయడం మాట. మగ్గం మీద తువ్వాళ్ళు ఒకే పడుగు మీద వరుసగా దిగడం మీరు చూసే ఉంటారు. ఒక తువ్వాలుకూ మరొక తువ్వాలుకూ నడుమ పేక పడకుండా కొంత పడుగు వదులుతారు. ఆ చోట కత్తెర వేస్తే రెండూ చెడవు. నేసిన గుడ్డ నడుమ కత్తెర పడిందా, అటూ ఇటూ పోగులు ఊడివస్తాయి. కొందరు అవిభక్త కవలలకు చర్మం, కొంత కండ, కాలేయంలో ఒక భాగం మాత్రమే కలిసి ఉంటాయి. వారిని విడదీయడం చాలావరకు సాధ్యమే. ఒకే గుండె ఇద్దరికీ పనిచేస్తున్నప్పుడు, తలలు కలిసి మెదడు నుంచి రక్తాన్ని తీసుకుపోయే పెద్ద సిర ఇద్దరికీ ఒకటే అయినప్పుడు, కత్తెర వేయడానికి వదిలిన చోటంటూ ఉండదు. ఆ సిరను ఎవరికి ఇవ్వాలి?

తల్లిదండ్రుల కష్టం ఇక్కడే మొదలవుతుంది. ఒక బిడ్డకు జబ్బు చేస్తే, అపాయం ఉన్నా ఆ బిడ్డ మేలు కోసమే శస్త్రచికిత్సకు ఒప్పుకుంటాం. ఇక్కడ బిడ్డలు ఇద్దరు, నిర్ణయం ఒకటి. ఒకరికి మేలు చేసేది మరొకరి ప్రాణం తీయవచ్చు.

2000 ఆగస్టులో ఇంగ్లండులోని మాంచెస్టర్ నగరంలో సరిగ్గా ఇదే జరిగింది. మాల్టా దేశంలోని ఒక చిన్న ద్వీపం నుంచి వచ్చిన దంపతులకు అక్కడి ఆసుపత్రిలో అవిభక్త కవలలు పుట్టారు. వారి అసలు పేర్లు బయటికి రాకుండా న్యాయస్థానం వారిని జోడీ, మేరీ అని పిలిచింది. మేరీ గుండె, ఊపిరితిత్తులు పనిచేయడం లేదు. జోడీ గుండే ఇద్దరినీ బతికిస్తున్నది. అలాగే వదిలేస్తే కొన్ని నెలలలో ఇద్దరూ పోతారనీ, విడదీస్తే జోడీ బతుకుతుందనీ, మేరీ మాత్రం తప్పక మరణిస్తుందనీ వైద్యులు చెప్పారు. దైవభక్తులైన తల్లిదండ్రులు, ఒక బిడ్డను బతికించడానికి మరొక బిడ్డను చంపుకోలేమన్నారు. వైద్యులు న్యాయస్థానానికి వెళ్ళారు. సెప్టెంబరులో అప్పీలు కోర్టు శస్త్రచికిత్సకు అనుమతి ఇచ్చింది. నవంబరు 7న సుమారు 20 గంటలపాటు శస్త్రచికిత్స జరిగింది. మేరీ మరణించింది. జోడీ బతికి పెద్దదయింది.

అయితే ఆ తల్లిదండ్రులు తప్పు చేశారా? అలా అనడానికి నాకు నోరు రాదు. న్యాయమూర్తులు కఠినులని అనడానికీ రాదు. ఇద్దరినీ పోగొట్టుకోవడం కన్న ఒకరినైనా దక్కించుకోవడం మేలని లెక్క చెబుతుంది. మేరీ కూడా ఆ తల్లి బిడ్డే. బిడ్డల విషయంలో తల్లి అలాంటి లెక్క వేయలేదు.

మన దేశంలోనూ ఇటువంటి ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. పాట్నాకు చెందిన సబా, ఫరా అనే అక్కాచెల్లెళ్ళకు తలలు కలిసి ఉన్నాయి. మూత్రపిండాలు రెండూ ఫరా శరీరంలోనే ఉన్నాయి. శస్త్రచికిత్స ప్రాణాపాయమని ఎయిమ్స్ వైద్యులు చెప్పారు. తల్లిదండ్రులు ఒప్పుకోలేదు. 2012లో న్యాయస్థానం ఆ మాటను గౌరవించి, పిల్లల పోషణకు నెలకు 5,000 రూపాయలు ఇవ్వాలని బీహారు ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఒడిశాలోని కంధమాల్ జిల్లాకు చెందిన జగ్గా, కాలియాల తల్లిదండ్రులు ఇందుకు భిన్నంగా ఒప్పుకున్నారు. 2017లో ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు రెండు దఫాలుగా శస్త్రచికిత్స చేసి వారి తలలను వేరుచేశారు. దేశమంతా సంతోషించింది. 2020 నవంబరులో కాలియా మరణించాడు. అందుకని ఒప్పుకోవడం పొరపాటని అనగలమా? జగ్గా మిగిలాడు గదా!

"పిల్లలు పెద్దవాళ్ళయ్యాక వాళ్ళే తేల్చుకుంటారు, అందాకా ఆగితే పోలా?" అని మీలో ఎవరైనా అడగవచ్చు. మంచి ప్రశ్నే. ఇరాన్ దేశానికి చెందిన లాదన్, లాలే అనే అక్కాచెల్లెళ్ళు అలాగే తేల్చుకున్నారు. తలలు కలిసిన ఆ ఇద్దరూ న్యాయశాస్త్రం చదివారు. ఒకరికి న్యాయవాది కావాలనీ, మరొకరికి పత్రికా రచయిత్రి కావాలనీ కోరిక. ప్రాణాపాయమని తెలిసి కూడా విడిపోవాలనే కోరుకున్నారు. 2003 జూలై 8న సింగపూర్‌లో శస్త్రచికిత్స జరుగుతూ ఉండగానే ఇద్దరూ మరణించారు. అప్పటికి వారి వయసు 29 ఏళ్ళు. వీణ, వాణి పుట్టింది ఆ సంవత్సరం అక్టోబరులోనే.

తలలు కలిసినవారికి పసితనంలో చేసే శస్త్రచికిత్స నుంచి కోలుకునే అవకాశం ఎక్కువని నిపుణులు అంటారు. ఏళ్ళు గడిచేకొద్దీ అపాయం పెరుగుతుంది. అంటే, విడదీయడానికి అనువైన కాలంలో బిడ్డలకు మాటలు రావు. వారు తమ మనసు చెప్పగలిగే నాటికి ఆ కాలం దాటిపోతుంది. ఆగుదామనుకోవడం కూడా ఒక నిర్ణయమే. దాన్ని కూడా తల్లిదండ్రులే తీసుకోవాలి.

వీణ, వాణిల విషయంలో ఆశ చాలాసార్లు చిగురించింది. 2015లో లండన్ నుంచి నిపుణులు హైదరాబాదు వచ్చి పరీక్షించి, విడదీయవచ్చునన్నారు. ఆ తరువాత ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు అపాయం చాలా ఎక్కువన్నారు. ఇద్దరు పెద్ద వైద్యులు రెండు విధాలుగా చెబితే, కూలి చేసుకొని బతికే తండ్రి ఎవరి మాట పట్టుకోవాలి?

మూడో మాట మిగిలింది, ఇంట్లో పెట్టుకొని సాకడం. మన వాడల్లో వారం కూలి మీద ఇల్లు గడుస్తుంది. ఒక మనిషి మగ్గం దగ్గరికి వెళ్ళడం మానితే ఆ వారం ఇల్లు ఎట్లా గడుస్తుందో మీకు తెలుసు. తలలు కలిసిన ఇద్దరు ఆడపిల్లలకు పగలూ రాత్రీ మనిషి తోడు కావాలి. జ్వరం వస్తే పెద్ద ఆసుపత్రి దగ్గరలో ఉండాలి. అందుకే వీణ, వాణి బాల్యం చాలావరకు హైదరాబాదులోని నీలోఫర్ ఆసుపత్రిలో గడిచింది. పిల్లల ఆసుపత్రిలో ఉండే వయసు దాటాక, 2017లో యూసుఫ్‌గూడలోని ప్రభుత్వ స్టేట్ హోమ్‌కు మారారు. బిడ్డలను అక్కడ ఉంచి బస్సెక్కిన తల్లిని వదిలేసిందని అనడానికి ముందు, ఆమె ముందు ఉన్న వేరే దారి ఏదో మనం చూపించగలగాలి.

ఆ పిల్లలు అక్కడే చదువుకున్నారు. ఒకే తలంపు వారికి ఉంటుందని అనుకునేవారు కొందరున్నారు. అది నిజం కాదు. 2020లో పదో తరగతి పరీక్షలకు అధికారులు వారికి రెండు హాల్‌టికెట్లు ఇచ్చారు. ఫలితాలలో వీణకు 9.3, వాణికి 9.2 గ్రేడు పాయింట్లు వచ్చాయి. 2022లో ఇద్దరూ ఇంటర్మీడియట్ మొదటి శ్రేణిలో ఉత్తీర్ణులయ్యారు. వీణకు 712 మార్కులు, వాణికి 707.