పాత టేపు, కొత్త గాడి

గ్రామఫోను రికార్డును భూతద్దం కింద ఉంచి చూచినట్లయితే, అంచు నుండి మధ్యకు చుట్లు చుట్టుకుంటూ పోయే గాడి కనిపిస్తుంది. పైకి వందలాది గాడుల వలె తోచినా, ఒక వైపున ఉన్నది నిజానికి ఒక్క గాడే. ఇరవై నిమిషాల సంగీతం గల వైపున అది 660కి పైగా చుట్లు తిరుగుతుంది. చుట్టుకూ చుట్టుకూ నడుమ దూరం సుమారు మిల్లీమీటరులో ఎనిమిదవ వంతు. మొత్తం గాడిని తిన్నగా సాగదీయగలిగితే 400 మీటర్లు దాటుతుంది. దాని గోడలు మాత్రం తిన్నగా ఉండవు. వాగు ఒడ్డు వలె మెలికలు తిరిగి ఉంటాయి. ఆ మెలికలే పాట.

ఒకసారి చెక్కిన పాటను ఏబది ఏండ్ల తరువాత మళ్ళీ చెక్కుతున్నారంటే, అందులో ఏమి మారుతుంది? పాటా, గాడియా? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పడానికి బీటిల్స్ అనే ఆంగ్ల గాయక బృందం 1967లో వెలువరించిన ‘సార్జెంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్’ అనే రికార్డు చక్కగా పనికి వస్తుంది. ఈ నలుగురు 1966 ఆగస్టుతో సభలలో పాడే యాత్రలు మానుకొన్నారు. అదే సంవత్సరం నవంబరు నుండి 1967 ఏప్రిల్ వరకు లండనులోని ఆబీ రోడ్డున ఉన్న ఇ.ఎం.ఐ. స్టూడియోలో కూర్చొని, వేదిక మీద వాయించడానికి వీలులేని సంగీతాన్ని టేపు మీద నిర్మించారు. రాక్ సంగీతమంటే గిటారు, డ్రమ్ము అనుకొనే రోజులలో నలుబదిమంది వాద్యబృందం, తంబురా, వేగం మార్చిన కంఠాలు, ముక్కలుగా కోసి అతికిన టేపులు ఇందులో చేరాయి. నిర్మాత జార్జ్ మార్టిన్, ధ్వని ఇంజనీరు జెఫ్ ఎమెరిక్.

ఈ రికార్డు 2012లో ఒకసారి, 2014లో ఒకసారి, 2017లో మరొకసారి కొత్త గాడులతో వెలువడినది. అంగడిలో ఈ మూడింటినీ ‘రీమాస్టర్’ అనే ఒక్క పేరుతోనే పిలవడం పరిపాటి. నిజానికి అవి మూడు వేరు వేరు పనులు. ఆ తేడా తెలియాలంటే ముందుగా టేపు సంగతి చూడవలెను.

1967లో ఆ స్టూడియోలో వాడినది ఒక అంగుళం వెడల్పు గల అయస్కాంతపు టేపు. దాని వెడల్పును నాలుగు పట్టీలుగా విభజించి, ఒక్కొక్క పట్టీ మీద ఒక్కొక్క ధ్వనిని విడిగా నింపవచ్చును. నాలుగు పట్టీలూ నిండినాక ఇంకా వాద్యాలు చేర్చాలంటే? నాలుగింటినీ కలిపి, మరొక టేపు మీద ఒకటి రెండు పట్టీలలోకి ఎక్కించేవారు. అప్పుడు మిగిలిన పట్టీలు ఖాళీగా దొరుకుతాయి. కిటుకు బాగున్నది గాని, దానికి మూల్యం ఉన్నది. టేపు పూతలోని అయస్కాంతపు రేణువులు పరిమితమైనవి, వాటి అమరిక క్రమం లేనిది. కాబట్టి సంగీతం లేనిచోట కూడా టేపు ‘స్స్’ అని సన్నగా రొద చేస్తుంది. ప్రతి చేరికలోనూ పాత టేపు రొద మీద కొత్త టేపు రొద చేరుతుంది. రెండు రొదలూ సమానమైతే వాటి శక్తి రెట్టింపు అవుతుంది. పైగా, ఒకసారి కలిసిన ధ్వనులను విడదీయడం నాడు ఎవరి తరమూ కాలేదు. పాలనూ నీటినీ వేరుచేసే హంస ఆ స్టూడియోలో లేదు.

ఈ పట్టీలన్నిటినీ చివరకు కలిపి తయారుచేసే టేపును మాస్టర్ టేపు అంటారు. ఆ మాస్టర్ టేపును ముట్టుకోకుండా, దాని నుండి కొత్తగా గాడి చెక్కే ఏర్పాటు చేయడం రీమాస్టరింగు. మాస్టర్ టేపును పక్కన పెట్టి, అంతకు ముందరి పట్టీల దగ్గరకు వెళ్ళి, వాటిని మళ్ళీ కలపడం రీమిక్సింగు. మొదటిది వండిన వంటను మరో విస్తరిలో వడ్డించడం. రెండవది అవే దినుసులతో మళ్ళీ వండడం. 2012 నాటి స్టీరియో రికార్డు 2009లో తయారైన సంఖ్యారూప ప్రతి నుండి చెక్కినది. 2014 నాటి మోనో రికార్డు నేరుగా పాత టేపు నుండి చెక్కినది. ఈ రెండూ మొదటి జాతివి. 2017 నాటిది రెండవ జాతిది. జార్జ్ మార్టిన్ కుమారుడు జైల్స్ మార్టిన్ భద్రంగా ఉన్న తొలి టేపులను వెదికి తీసి, ఒకదానిలోకి ఒకటి ఎక్కించక ముందు ఉన్న ధ్వనులతోనే కొత్తగా కలిపినాడు. అందువలన ఆ చేరికలలో పెరిగిన రొద అందులో లేదు. వాద్యాలు మరింత స్పష్టంగా వినిపిస్తాయి. అది 1967లో జనం విన్న కలయిక మాత్రం కాదు. ఇక 2022లో, ఈ బృందానిదే ‘రివాల్వర్’ అనే 1966 నాటి రికార్డును తిరిగి కలిపినప్పుడు, ఒకే పట్టీలో కలిసిపోయిన వాద్యాలను కంప్యూటరు చేత గుర్తింపజేసి విడదీశారు. హంస ఆలస్యంగా వచ్చినదన్నమాట.

రొదను పూర్తిగా తుడిచివేస్తే సరిపోదా అని కొందరికి తోచవచ్చును. అది తేలిక కాదు. తాళపు చిటపటలు, గది గోడల నుండి తిరిగివచ్చే సన్నని ప్రతిధ్వని, టేపు రొద ఉండే ఎత్తు శ్రుతులలోనే ఉంటాయి. ఒకటి తుడిస్తే మరొకటీ పోతుంది. 2009లో నాలుగేండ్లు శ్రమించి బీటిల్స్ రికార్డులన్నిటినీ సవరించిన ఇంజనీర్లు, 525 నిమిషాల సంగీతంలో రొద తగ్గించే సాధనాన్ని ఐదు నిమిషాల లోపే వాడినారు. ఈ నిగ్రహం మెచ్చదగినది.

మోనో, స్టీరియో అన్న మాటలు పైన వచ్చినవి. మోనో రికార్డులో గాడి గోడలు రెండూ కలిసి పక్కకు మాత్రమే ఊగుతాయి. ముల్లు చదివేది ఒక్క ధ్వనినే. స్టీరియోలో ఎడమ గోడకు ఒక ధ్వని, కుడి గోడకు మరొక ధ్వని ఉంటుంది. గాడి పక్కకే గాక కిందకీ మీదకీ కూడా కదలవలసి వస్తుంది. 1967లో ఇంగ్లండులో ఎక్కువ ఇండ్లలో ఉన్నవి మోనో యంత్రాలే. కాబట్టి గాయకులు దగ్గరుండి శ్రద్ధతో చేయించినది మోనో కలయిక. స్టీరియో కలయిక ఆ తరువాత త్వరత్వరగా ముగిసినది. రెండింటికీ తేడాలు ఉన్నవి. ‘షీజ్ లీవింగ్ హోమ్’ అనే పాటను మోనోలో టేపు వేగం పెంచి కలిపినారు. అందువలన అది స్టీరియో పాట కంటె సుమారు అర్ధస్వరం పైకి పలుకుతుంది, త్వరగా ముగుస్తుంది. స్టీరియోనే విని పెరిగినవారికి మోనో పాట పరాయిదిగా తోస్తుంది. నిజానికి గాయకుల ఇష్టప్రకారం తయారైనది అదే.

2014 మోనో రికార్డు చెక్కిన పద్ధతి వినదగినది. ఆబీ రోడ్డు స్టూడియోలోనే పాత మాస్టర్ టేపును స్టూడర్ ఎ80 యంత్రం మీద ఆడించి, 1980ల నాటి వి.ఎం.ఎస్. 80 అనే చెక్కుడు యంత్రంతో గాడి చెక్కినారు. మధ్య సంఖ్యారూపంలోకి మార్చడం లేదు. 1960లలో చెక్కినవారు రాసి ఉంచిన కాగితాలను ఎదుట పెట్టుకొని, ఆనాటి తొలి ముద్రణలను పక్కన వినుకుంటూ పని సాగించినారు.

ఇటువంటి చెక్కుడు ఏర్పాటులో టేపును చదివే తలలు రెండు ఉంటాయి. ఒకటి ధ్వనిని చెక్కుడు ముల్లుకు పంపుతుంది. మరొకటి అదే ధ్వనిని కొద్ది క్షణాలు ముందుగా చదివి, రాబోయేది బిగ్గరైన భాగమో, మెల్లని భాగమో యంత్రానికి తెలుపుతుంది. బిగ్గరైన ధ్వనికి గాడి పక్కలకు ఎక్కువగా ఊగుతుంది గనుక, పక్క చుట్టును తాకకుండా యంత్రం ముందే ఎడం పెంచుతుంది; మెల్లని చోట చుట్లను దగ్గరకు చేర్చి స్థలం మిగుల్చుతుంది. మందర శ్రుతుల ఊపు ఎక్కువ కాబట్టి వాటిని అణచి చెక్కుతారు. 1,000 కంపనాల ధ్వనితో పోల్చితే, సెకనుకు 20 కంపనాలవి సుమారు పదవ వంతుకు తగ్గుతాయి. 20,000 కంపనాలవి సుమారు పది రెట్లు పెరుగుతాయి. వినే యంత్రం దీనికి సరిగా తలకిందులు చేస్తుంది. 1954 నుండి ఇది అమెరికాలో అంగీకరించిన ప్రమాణం. తరువాత లోకమంతటా వ్యాపించినది.

ఇంతకంటె గట్టి చిక్కు రికార్డు ఆకారంలోనే ఉన్నది. పళ్ళెం ఎప్పుడూ నిమిషానికి 33⅓ చుట్లే తిరుగుతుంది. కాని బయటి చుట్టు పెద్దది, లోపలి చుట్టు చిన్నది. బయటి అంచున ముల్లు కింద గాడి సెకనుకు సుమారు 51 సెంటీమీటర్లు పరుగెత్తుతుంది. 12 సెంటీమీటర్ల వ్యాసం గల లోపలి చుట్టులో 21 సెంటీమీటర్లే. సెకనుకు 10,000 కంపనాల ధ్వనికి ఒక్కొక్క అల బయట మిల్లీమీటరులో వెయ్యింట 51 వంతుల పొడవు ఉంటే, లోపల 21 వంతులకు కుదించుకుపోతుంది. సాధారణమైన గుండ్రని ముల్లు మొన వ్యాసార్ధమే 18 వంతులు. పలక గీతలలోకి బలపం మొద్దు మొన దూరనట్లే, అది ఇటువంటి అలల లోతులలోకి దిగలేదు. అందువలన రికార్డు మధ్యకు చేరే కొద్దీ ధ్వని మసకబారి, గరుకవుతుంది.

ఇప్పుడీ రికార్డు రెండవ వైపు చూడండి. అంచున, వేగం అన్నిటి కంటె ఎక్కువ ఉన్నచోట, జార్జ్ హారిసన్ లండనులోని భారతీయ వాద్యకారులతో కలిసి పాడిన ‘వితిన్ యూ వితౌట్ యూ’ ఉన్నది. తంబురా, తబలా, స్వరమండలం, కమానుతో వాయించే దిల్రుబా అందులో వినిపిస్తాయి. తంబురా శ్రుతిలోని సన్నని ఉపస్వరాలకు ఇంతకంటె అనువైన చోటు రికార్డులో లేదు. లోపలి కొసన, అన్నిటి కంటె ఇరుకైన చోట, ‘ఎ డే ఇన్ ద లైఫ్’ ఉన్నది. రికార్డు మొత్తంలో అతి బిగ్గరైన ఘట్టమూ అందులోనే, అతి మెల్లనైనదీ అందులోనే!

ఆ బిగ్గరైన ఘట్టం కోసం 1967 ఫిబ్రవరి 10న నలుబదిమంది వాద్యకారులు వచ్చారు. ఒక్కొక్కరు తమ వాద్యంలోని కింది స్వరం నుండి పై స్వరం వరకు, 24 ఆవర్తాల కాలంలో, పక్కవారితో నిమిత్తం లేకుండా ఎక్కవలెనని జార్జ్ మార్టిన్ చెప్పినాడు. దానిని నాలుగు మార్లు రికార్డు చేసి కలిపితే 160 వాద్యాల ఘోష అయినది. ఇందుకు రెండవ టేపు యంత్రం అవసరమైనది. రెండు యంత్రాలనూ కలిసి నడిపించడానికి కెన్ టౌన్సెండ్ అనే ఇంజనీరు 50 కంపనాల సంకేతాన్ని వాడినాడు.

పన్నెండు రోజుల తరువాత ముగింపు స్వరసముదాయం చేరినది. పియానోలూ హార్మోనియమూ ఒక్కసారిగా పలికి, ఆ నాదం సుమారు 40 సెకన్లు నిలుస్తుంది. తీగల నాదం అంతసేపు వినిపించడానికి కారణం, అది సన్నగిల్లే కొద్దీ ఎమెరిక్ ధ్వని మీటను మెల్లమెల్లగా పెంచుతూ పోవడమే. నాదంతోబాటు గదిలోని చప్పుళ్ళు కూడా పెరిగినవి. చివరి క్షణాలలో కుర్చీ కిర్రుమన్న శబ్దం వినిపించేది అందుకే.

గాడి చెక్కేవానికి ఇది నిజమైన పరీక్ష. ఘోషకు సరిపడా ఊపు ఇస్తే లోపలి చుట్లలో ముల్లు తడబడుతుంది. ఆ పాట ఒక్కదానినే తగ్గిస్తే దాని బలం పోతుంది. వైపు మొత్తాన్ని తగ్గిస్తే అన్నీ ఒక తీరుగానే ఉంటాయి గాని, ఆ చివరి నాదం రికార్డు ఉపరితలపు గరగరలో మునిగిపోతుంది. ఎంతగా సవరించిన టేపు తెచ్చినా ఈ చిక్కు తీరదు; ఎక్కడో ఒకచోట కొంత వదులుకోక తప్పదు. ఏది వదులుకొన్నారన్నదే ఒక ముద్రణకూ మరొక ముద్రణకూ గల అసలు తేడా.

చెక్కిన తరువాత పని త్వరగా చెప్పవచ్చును. లాకర్ పూత గల అల్యూమినియం పళ్ళెం మీద చెక్కిన గాడికి వెండి పూత పూసి, దాని మీద విద్యుత్తుతో నికెల్ పేర్చి, అచ్చులు తీస్తారు. ఆ అచ్చుల నడుమ వేడి వినైల్ ముద్దను నొక్కుతారు. ఇటీవలి ముద్రణలు 180 గ్రాముల బరువని గొప్పగా చెప్పుకొంటాయి. బరువైన పళ్ళెం వంగకుండా ఉండవచ్చును గాని, బరువు వలన గాడిలోకి అదనంగా వచ్చి చేరే సంగీతం ఏమీ లేదు. ఆ డబ్బు సన్నని అండాకారపు మొన గల ముల్లుకు వెచ్చించినవారికి లోపలి చుట్లలో లాభం చెవికి తెలుస్తుంది.

1967 నాటి బ్రిటిష్ ముద్రణలో చివరి నాదం అణగిన తరువాత మరొక వింత ఉన్నది. ముందుగా సెకనుకు సుమారు 15,000 కంపనాల సన్నని ఈల. అక్కడ మిల్లీమీటరుకు 70 అలలు పట్టవలసి ఉంటుంది; ముల్లు దానిని చదవగలిగినా, వయసు మళ్ళినవారి చెవి వినలేదు, కుక్కలు మాత్రం తల ఎత్తుతాయి. ఆపైన గాడి తన చుట్టులోకే తిరిగి కలిసే చోట, అర్థం లేని మాటలు, నవ్వులు కలిపిన ముక్క ఒకటి చెక్కి ఉన్నది. తొలి అమెరికన్ ముద్రణలో ఈ రెండూ లేవు. చేయి తనంతట తానే లేచిపోయే యంత్రాలలో ఆ మాటలు ఒక క్షణం వినిపించి ఆగిపోతాయి. తక్కిన యంత్రాలలో, ఒక్కొక్క చుట్టుకు 1.8 సెకన్ల చొప్పున, ఎవరైనా లేచి వెళ్ళి ముల్లు ఎత్తేదాకా తిరుగుతూనే ఉంటాయి.