ఖియోస్ దీవి కన్నీరు: రూమీ మస్తగీ

హైదరాబాదు యూనానీ మందుల దుకాణాలలో జవారిష్ మస్తగీ పేరు తెలియనివారు అరుదు. జీర్ణకోశం బలహీనపడినప్పుడు హకీములు సూచించే లేహ్యమది. ఇబ్నె సీనా తన 'అల్ ఖానూన్'లో మస్తగీ గుణాలను వివరించారు. మనవారు దానిని రూమీ మస్తగీ అంటారు. ఆ 'రూమీ' అన్న మాటలోనే దాని చిరునామా ఉన్నది.

ఏజియన్ సముద్రంలో, తుర్కీ తీరానికి కనుచూపు మేరలో ఖియోస్ అనే గ్రీకు దీవి ఉంది. రాళ్లతో నిండిన దాని దక్షిణ భాగంలో మస్తగీ పొదలు పెరుగుతాయి. సాధారణంగా రెండు మూడు మీటర్ల ఎత్తు ఎదుగుతాయి. కొమ్మలు మెలితిరిగి ఉంటాయి, ఆకు ఏడాది పొడుగునా పచ్చగానే ఉంటుంది. వసంతంలో రేకులు లేని చిన్న ఎర్రని పూలు పూస్తాయి. ఆకు నలిపినా, కొమ్మ విరిచినా పరిమళమే. ఈ జాతి మధ్యధరా తీరమంతటా ఉన్నది. అయినా ఇంతటి జిగురు ధారాళంగా ఇచ్చేది ఈ దీవి దక్షిణాన పెంచే రకమే. ఇక్కడి రైతులు ఎక్కువగా మగ చెట్ల కొమ్మలనే నాటుతారు.

వేసవి రాగానే చెట్టు కింద నేలను ఊడ్చి, చదును చేసి, తెల్లని సున్నపుమట్టి చల్లుతారు. ఆపై పదునైన పనిముట్టుతో బెరడుపై చిన్న చిన్న గాట్లు పెడతారు. గాటు నుండి ఊరిన జిగురు బొట్లుబొట్లుగా ఆ తెల్లని మట్టిపై రాలి, రెండు వారాలు అటూ ఇటూగా గట్టిపడుతుంది. వాటిని అక్కడివారు కన్నీటి బిందువులంటారు. ఈలోగా వాన పడితే శ్రమ వృథా. ఒక చెట్టు ఏడాదికి ఇచ్చేది కొద్ది వందల గ్రాములకు మించదు. పోగుచేసిన దానిని చలికాలమంతా ఇళ్లలో స్త్రీలు కూర్చుని, గింజ గింజకూ అంటిన మట్టిని చిన్న కత్తులతో గీకి శుభ్రం చేస్తారు. చూపరులకు ఇది చిల్లర పనిగా తోచవచ్చు. ధర అంతా అందులోనే ఉన్నది.

ఈ బొట్ల కోసం రాజ్యాలు కలహించాయి. 1346 నుండి జెనోవా వర్తకుల ఏలుబడిలో మస్తగీ దొంగిలించినవారికి అంగవిచ్ఛేదం మొదలు ఉరి వరకు శిక్షలుండేవి. 1566లో దీవి ఉస్మానియా సుల్తానుల వశమైంది. తుర్కులు దానికి 'సకిజ్' దీవి అని, అంటే జిగురు దీవి అని పేరుపెట్టారు. మస్తగీ గ్రామాలు పన్నును మస్తగీ రూపంలోనే చెల్లించేవి, అందుకు బదులుగా ప్రత్యేక హక్కులు పొందేవి. 1822లో గ్రీకు తిరుగుబాటును అణచే సందర్భంలో ఉస్మానియా సేనలు ఈ దీవిలో వేలాది మందిని వధించాయి. మస్తగీ గ్రామాలు మాత్రం ఆ పంట మూలంగానే తొలుత బయటపడ్డాయి. ఆ సేనలు మన మతస్థులవైనంత మాత్రాన ఈ రక్తపాతాన్ని మరుగుపరచవలసిన పనిలేదు.

2012 ఆగస్టులో కార్చిచ్చు చెలరేగి మస్తగీ తోటలు విస్తారంగా కాలిపోయాయి. కొత్తగా నాటిన కొమ్మ ఐదారేళ్లకు గాని గాటుకు రాదు, నిండు దిగుబడికి పదేళ్లు దాటాలి. తోట కోల్పోయిన వృద్ధ రైతు మళ్లీ కొమ్మ నాటినాడంటే అది మనుమని కోసమే.

సరుకు ఇంత అరుదైనది గనుక కల్తీకి కొదువ లేదు. సందరూస్ అనే మరొక చెట్టు బంక చూపుకు దీనివలెనే ఉంటుంది. కొనే ముందు ఒక పలుకు నోట వేసుకుని నమిలి చూడండి. సందరూస్ పళ్ల కింద పొడిపొడి అవుతుంది. మస్తగీ మొదట చిట్లి, కొంచెం చేదు తగిలి, ఆపై మెత్తబడి, తెల్లని జిగురు ముద్దగా మారుతుంది.